బతికున్నవాళ్ల పటానికి దండ

లండన్ శివారు స్టాన్‌మోర్‌లో మేము ఉండే ఫ్లాట్లలో ఫైర్ అలారం మోగిందంటే కారణం రెండే ఇళ్లు. ఒకటి మాది. ఎండుమిరపకాయలు వేసి తాలింపు పెడితే చాలు, దానికి పూనకం వచ్చేది. రెండోది మా ఎదురు తలుపు. అక్కడ ఒకావిడ పచ్చి కాఫీ గింజలు పెనం మీద నల్లగా వేయించేది. అలారం మోగినప్పుడల్లా కింది ఫ్లాటు ముసలాయన కౌన్సిల్‌కి చెప్తానంటూ బయటికొచ్చి నిలబడేవాడు. నేనూ ఆవిడా మెట్ల దగ్గర మొహమొహాలు చూసుకొని, ఈసారి తప్పు ఎవరిదో తేల్చుకొని, తప్పు చేసినవాళ్లం వెళ్లి సారీ చెప్పేవాళ్లం. మా స్నేహం అట్లా మొదలైంది. తొంభైల చివరి మాట ఇది.

ఆవిడది ఎరిత్రియా. నేను జీపీ సర్జరీలో, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షన్‌లో కూర్చుని రోజూ నానా దేశాల పేర్లూ కంప్యూటర్లోకి ఎక్కించేదాన్నే గానీ, ఆ దేశం ఎక్కడుందో నాకు తెలియదు. ఆఫ్రికాకి ఈశాన్యాన, ఎర్ర సముద్రం ఒడ్డున, ఇథియోపియా నెత్తిమీద ఉంటుందట. ఇథియోపియా నుంచి విడిపోవడానికి ముప్పై ఏళ్లు యుద్ధం చేసిందట. "మీ ఇంట్లో మగవాళ్లు ఎవరైనా ఆ యుద్ధానికి వెళ్లారా?" అని అడిగాను.

ఆవిడ నవ్వింది. "మా అన్న వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను" అంది.

పదిహేడేళ్లప్పుడు ఇంట్లో చెప్పకుండా అన్న పోయిన దారినే కొండల్లోకి పోయిందట. తుపాకీ పట్టిందట. ఆ తర్వాత కొండని తొలిచి కట్టిన ఆసుపత్రిలో గాయాలకు కుట్లు వేసిందట. పైన విమానాలు బాంబులు వేస్తుంటే కింద వీళ్లు లాంతరు పట్టుకొని పని చేసేవాళ్లట. అదే వయసులో నేను నంద్యాలలో ఓణీకి సరిపడే గాజులు దొరకలేదని పెళ్లికి రానని ఏడ్చిన మనిషిని. కేర్ హోమ్ యూనిఫాం వేసుకొని, చేతిలో టిఫిన్ డబ్బాతో, బస్సు తప్పిపోతుందని పరుగెత్తే ఈ సన్నటి మనిషేనా ఇదంతా చేసింది! నిజం చెప్పాలంటే ఆ తర్వాత కొన్నాళ్లు ఆవిడ పక్కన మెట్లు ఎక్కడానికి కూడా భయభక్తులతో ఎక్కాను.

వాళ్లింట్లో హాలు గోడ మీద ఒక పటం ఉండేది. యుద్ధాన్ని నడిపించి, దేశం వచ్చాక అధ్యక్షుడైన ఆయనది. పటంలో ఆయన కాళ్లకు నల్లటి ప్లాస్టిక్ చెప్పులు. పటం కింద అలమరలో ఆవిడవి అలాంటివే ఒక జత, అరిగిపోయి, ఒక పట్టీ కరిగించి అతికించి ఉండేవి. నాయకుడికీ సిపాయికీ అవే చెప్పులట, తిండి కూడా ఒకే పళ్లెంలోనట. దేశం వచ్చాక కూడా ఆయన రాజధాని వీధుల్లో కాపలా లేకుండా నడిచేవాడని, టీ అంగట్లో జనం మధ్య కూర్చునేవాడని చెప్పింది.

నేను సీమ మనిషిని. మా వైపు ఎమ్మెల్యే గడప దాటాలంటే ముందు జీపు, వెనక జీపు, వాటి వెనక ఇంకోటి. బావమరిది పెళ్లికి పోవాలన్నా కిటికీల్లోంచి తుపాకులు కనిపించాల్సిందే. దేశాన్నేలేవాడు ఒంటరిగా బజారుకి పోతాడంటే నేను నమ్మలేదు. "ఒట్టు" అన్నట్టు ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఆ పటం వంక మళ్లీ చూశాను. అట్లాంటి మనిషి మాకెందుకు దొరకలేదని అసూయ కూడా పడ్డాను.

వాళ్ల కాఫీ గురించి చెప్పాలి. అది ఒక్కరి కోసం కాయరు. గింజలు వేయించి, ఆ పొగ అందరికీ చూపించి, దంచి, మట్టి కూజాలో కాచి, చిన్న చిన్న గిన్నెల్లో పోస్తారు. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి రెండోసారి, మళ్లీ మూడోసారి. మూడోది దీవెన. అది తాగకుండా లేస్తే ఇంటికి మంచిది కాదట. నేను మొదటిసారి ఒక గిన్నె తాగి, మర్యాదగా "వెళ్లొస్తా" అని లేవబోతే, ఆవిడ నా భుజం పట్టి కూర్చోబెట్టింది. మూడోది వచ్చేసరికి సాయంత్రమైపోయింది, మా ఇంట్లో అన్నం కుక్కర్లోనే ఉంది.

ఎండాకాలం వచ్చేసరికి మా అత్త వచ్చింది. మామ పోయినప్పటి నుంచి ఏటా ఆర్నెల్లు మా దగ్గరుండేది. అత్తకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా నేను క్లినిక్ నుంచి వచ్చేసరికి ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకుంటూ కనిపించేవాళ్లు. "పాలు ల్యాకుండా అదేం కాఫీమ్మే, కషాయం" అని గొణిగేది అత్త, మూడు గిన్నెలూ తాగేది. అలమరలో చెప్పులు చూసి, "ఇవి మనూరి వానకాలం చెప్పులే గదా, వీటితో యుద్ధం గెల్చినారా?" అని అడిగింది. నేను ఔనన్నాను. అత్త లేచి వెళ్లి ఆ చెప్పుల్ని చేత్తో తాకి కళ్లకద్దుకుంది.

మా ఇంట్లో మామ పటానికి ఎప్పుడూ దండ ఉండేది. వాడిపోతే అత్త ఊరుకోదు, మా ఆయన వెంబ్లీలో మనవాళ్ల అంగళ్లకి పోయి తాజాది తేవాల్సిందే. ఎదురింటావిడకి అది బాగా నచ్చింది. పెద్దవాళ్లకి ఎంత మర్యాద ఇస్తారు మీరు, అనేది. ఎవరిదా పటం అంటే మామదని చెప్పాను. అంతకంటే చెప్పాలని నాకు తోచలేదు. దండ ఉన్న పటం అంటే అర్థం ఏమిటో పుట్టిన బిడ్డకి కూడా తెలుసు కదా మన దగ్గర.

మే నెలలో వాళ్ల స్వాతంత్ర్య దినం. నన్నూ అత్తనీ పిలిచింది. హాలు నిండా తెల్ల బట్టల్లో ఆడవాళ్లు, పొగ, కాఫీతో పాటు పంచే పాప్‌కార్న్ వాసన. ఆవిడ అత్త చెయ్యి పట్టుకొని గోడ దగ్గరికి తీసుకుపోయింది. "అమ్మా, చూడు, మీ ఇంట్లో లాగే" అంది సంబరంగా. నాయకుడి పటానికి నిండుగా బంతిపూల దండ.

అత్త గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో, బతికుండే మనిషికి దండేస్తారామ్మే యాడన్నా? సచ్చిపోయినోళ్లకి గదా వేసేది. తియ్యి తియ్యి, పాపం, నూరేండ్లు బతకనీ ఆయప్పని."

హాలంతా మా వైపు తిరిగింది. అత్త మాట ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. వాళ్ల భాషలో మిగతా ఆడవాళ్లకి చెప్పింది. అందరూ ఒకేసారి నవ్వారు. ఆవిడ తనే దండ తీసి అత్త చేతిలో పెట్టింది. "మంచి పని చేశావు అమ్మా, నాకు తెలియదు" అంది. ఎవరి కాలికిందా పడకూడదని అత్త దాన్ని కిందికి తీసుకుపోయి గులాబీ మొక్క మొదట్లో వేసి వచ్చింది.

ఆ రోజుల్లోనే సరిహద్దులో ఒక చిన్న ఊరి కోసం ఇథియోపియాతో మళ్లీ యుద్ధం మొదలైంది. టీవీలో ఆ వార్త వచ్చినప్పుడల్లా అత్త, "ఆ దండ వల్లే" అని నా వైపు చూసేది, దండ వేసింది నేనే అయినట్టు. రెండేళ్లకి యుద్ధం ఆగింది. ఎవరు గెలిచారని ఆవిడని అడిగితే, "రెండు వైపులా పిల్లలు పోయారు" అంది, అంతే.

ఆవిడ అన్న వాళ్ల రాజధాని అస్మారాలో ఒక పత్రికకి రాసేవాడు. యుద్ధం అయిపోయింది కదా, రాసుకున్న రాజ్యాంగం అమలు చెయ్యండి, ఎన్నికలు పెట్టండి అని రాశాడు. అధ్యక్షుడితో కలిసి కొండల్లో పోరాడినవాళ్లూ, పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లూ అదే అడిగారు. 2001 సెప్టెంబరులో ప్రపంచమంతా న్యూయార్క్ వైపు చూస్తున్న వారాల్లో అన్నతో సహా వాళ్లందర్నీ పట్టుకుపోయారు. పత్రికలు మూసేశారు. కేసు లేదు, కోర్టు లేదు. ఎక్కడ పెట్టారో ఇంటివాళ్లకి చెప్పలేదు.

ఆ సంగతి చెప్పిన రోజున కూడా పటం గోడ మీదే ఉంది. నాకు ఒళ్లు మండింది. "తీసి అవతల పారెయ్" అన్నాను.

"ఆయనకి తెలిసి ఉండదు. కింది వాళ్లు చేసి ఉంటారు. తెలిస్తే వదిలేస్తాడు" అంది ఆవిడ.

పెద్దాయన మంచోడే, పక్కన ఉన్నోళ్లే చెడ్డోళ్లు. ఈ మాట నేను చిన్నప్పటి నుంచి మా ఊళ్లో ప్రతి అరుగు మీదా విన్నాను. ఆ కొండల్లో బతికి వచ్చిన మనిషి నోట కూడా అదే మాట విని నాకు ఏడుపొచ్చింది. కానీ ఆలోచిస్తే, ఆ ఒక్క పటం తీసేస్తే తన యవ్వనమంతా గోడ మీంచి దిగిపోతుంది కదా, ఎట్లా తీస్తుంది.

ఒక ఏడాది ఆగింది, ఇంకో ఏడాది ఆగింది. అన్న నుంచి కబురు లేదు. ఒకసారి వాళ్ల సంఘం హాల్లో మీటింగ్ జరిగింది, దేశం నుంచి ఎవరో ప్రభుత్వ పెద్దమనిషి వచ్చాడు. ఆవిడ లేచి నిలబడి, "మా అన్న ఎక్కడున్నాడు? ఉన్నాడా?" అని అడిగిందట. ఆయన జవాబివ్వకుండా తర్వాతి వాళ్లని అడగమన్నాడట. ఆవిడ అక్కడే నిలబడి మళ్లీ అడిగిందట. ఇంటికి వచ్చి పటం దించేసింది.

మర్నాటి నుంచి వాళ్ల ఆడవాళ్లు రావడం మానేశారు. వాళ్లకీ అక్కడ తల్లులున్నారు, తమ్ముళ్లున్నారు. ఎవరు ఎవరింటికి పోతున్నారో సర్కారుకి ఎవరు చేరవేస్తారో ఎవరికి తెలుసు. ఆవిడ ఎవర్నీ తప్పు పట్టలేదు. ఒక్కరి కోసం కాఫీ కాయరు కాబట్టి గింజలు వేయించడం ఆగిపోయింది. ఆ చలికాలమంతా అలారం మోగిందంటే అది మా తాలింపే.

ఎండాకాలంలో అత్త వచ్చింది. వచ్చిన మూడో పూటే పట్టేసింది. "ఎదురింట్లో కాఫీ వాసన రాదేమ్మే?"

విషయం చెప్పాను. పిలవకుండా మనం పోతే ఏమనుకుంటుందో అన్నాను. "పిలవని పేరంటమైతే యేమి, నేను పోతా" అని అత్త చెంగు దులిపి, పోయి తలుపు కొట్టింది. నేనూ వెనకే వెళ్లాను. అత్త సోఫాలో కాళ్లు పైకి పెట్టుకొని కూర్చుని, "కాఫీ" అంది. ఆ ఒక్క మాటకి ఆవిడ గుమ్మంలోనే ఏడ్చేసింది. ఆ రోజు మూడు గిన్నెలూ తాగే లేచాం. గోడ మీద పాత పటం చోట ఇప్పుడు అన్న పటం ఉంది. కొండ రాయి మీద కూర్చున్న కుర్రాడు, ఒళ్లో తుపాకీ, కాళ్లకి అవే చెప్పులు, పళ్లన్నీ కనిపించేలా నవ్వు.

ఆ తర్వాత అత్త ఉన్నన్నాళ్లూ వారానికొకసారి ఇదే వరస. 2008 ఎండాకాలంలో సూడాన్ మీదుగా తప్పించుకొచ్చిన ఒకతను ఆవిడకి ఫోన్ చేశాడు. కొండల మధ్య ఎక్కడో జైలుందట. ఎండకీ గొలుసులకీ తట్టుకోలేక లోపల చాలామంది పోయారట. మీ అన్న కూడా పోయినవాళ్లలో ఉన్నాడని విన్నాను, కానీ నేను కళ్లతో చూడలేదు, అన్నాడట. ఆవిడ నాకు చెప్పింది, నేను అత్తకి చెప్పాను.

అత్త ఆ పూట ఏమీ తినలేదు. మర్నాడు మా ఆయనతో వెంబ్లీ నుంచి విడి పూలు తెప్పించి, కిటికీ దగ్గర కూర్చుని, ముక్కు చీదుకుంటూ దండ కట్టింది. "ఆడపిల్ల ఒక్కతే ఉండాది. పోయినోనికి ఒక దండన్నా వేసే దిక్కుండొద్దా" అంది. నాకూ అదే న్యాయమనిపించింది.

ఆవిడ తలుపు తీసి అత్త చేతిలో దండ చూసింది. వెనక్కి వెనక్కి నడిచి, గోడకి ఆనుకొని, అన్న పటానికి అడ్డంగా నిలబడింది. రెండు చేతులూ చాపింది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు, కొండల్లో అట్లాగే మాట్లాడేదేమో.

"వద్దు అమ్మా. నువ్వే చెప్పావు. బతికున్నవాళ్లకి దండ వెయ్యకూడదని."

నేను తెలుగులో చెప్పబోయాను. అత్త చెయ్యెత్తి వద్దంది, అర్థమైపోయింది. కాసేపు ఆ పిల్లాడి నవ్వు వంక చూసింది. తర్వాత దండ ముడి పళ్లతో తెంపి, సగం తుంచి, ఆవిడని భుజాలు పట్టి వెనక్కి తిప్పింది. ఆవిడ సన్నటి జడలన్నీ కూడగట్టి పూలు చుట్టింది. ఇరవై ఏళ్లుగా తన తలలో పువ్వు పెట్టుకోని ముసలామె ఒక్కో పువ్వూ సరిచేసింది.

"అన్న ఉండే ఆడపిల్ల తల బోసిగా ఉండగూడదు. ఇవి పుట్టింటి పూలనుకో" అంది.

ఇది మాత్రం నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ వంటింట్లోకి పోయి పెనం పొయ్యి మీద పెట్టింది. ఆ రోజు గింజలు మాడిపోయి అలారం మోగింది. కింది ముసలాయన వచ్చి నిలబడ్డాడు కాబోలు, సారీ చెప్పడానికి మాలో ఎవరం లేవలేదు.

అత్త పోయింది. మా ఇంట్లో మామ పటం పక్కన అత్త పటం ఉంది, రెంటికీ దండలున్నాయి. ఎదురింటికి వెళ్లేటప్పుడు నేను పూలు పట్టుకుపోతాను, ఆవిడ తల వంచి పెట్టించుకుంటుంది. అన్న పటానికి మాత్రం ఇప్పటికీ దండ లేదు.