‘సాకు’ అంటే చాలు

మా నాటక సమాజం అధ్యక్షులు పోయారన్న కబురు నాకు పొలంలో అందింది. సిరిగేరి నుంచి సైకిలు మీద వచ్చిన మా హార్మోనిస్టు గట్టు మీదే నిలబడి, "పెద్దాయన పోయినాడప్పా, పొద్దున కాఫీ తాగతా తాగతా" అన్నాడు. సరే, వస్తానన్నాను. మడికి నీళ్ళు కట్టడం పూర్తి చేసి, కాళ్ళు కడుక్కుని బయలుదేరాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న రోజుకీ రాలేదు.

ఆయన్ని తలుచుకుంటే ముందు నా తెలివితక్కువతనమే గుర్తొస్తుంది. కాలువ నీళ్ళు చూసి కృష్ణా జిల్లా నుంచి వచ్చి, సిరిగేరికి మూడు మైళ్ళలో, మాలాంటి వలస రైతులు వేసుకున్న ఒక క్యాంపులో కాపురం పెట్టిన కొత్తలో, నాటకాల పిచ్చి కొద్దీ ఆ సమాజంలో చేరాను. ఆడవేషాలూ మగవాళ్ళే కట్టేవారు; నాకు కథానాయిక వేషం ఇచ్చారు. మొదటి రిహార్సలుకే ఆలస్యంగా వెళ్ళి, బండి ఇరుసు విరిగిందని చెప్పాను. నిజంగానే విరిగింది. వెంటనే బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏడ్చే ఘట్టం అందుకున్నాను. సగంలో ఆయన చెయ్యెత్తి, "సాకు, సాకప్పా" అన్నారు.

నేను సాకులు చెబుతున్నానంటారా అని ఒళ్ళు మండింది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వచ్చేశాను. మర్నాడు ఆయన ఎండలో నడిచి మా క్యాంపుకు వచ్చారు. నా కోపానికి కారణం విని అరుగు మీద కూలబడి నవ్వారు.

"అయ్యో, సాకంటే కన్నడంలో చాలు అని అప్పా! మాకు అదే నోట్లో పడిపోయిండాది. ఏడుపు శానా బాగుండాది, ఇంగ ఆపకపోతే గొంతు పోతాదని అంటి."

అప్పటినుంచి అందరికీ "సాకు" అన్నా, నా దగ్గర మాత్రం ఒక్క క్షణం తడుముకుని "చాలు" అనేవారు.

మాలో ఎవరికీ జీతం లేదు. టిక్కెట్ల మీద వచ్చింది ఊరి బడికి పోయేది. సిరిగేరి ఉన్న జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిశాక ఇక కన్నడ నాటకాలే ఆడాలని కొందరు, తెలుగు వదిలేది లేదని కొందరు పట్టుబట్టారు. ఆయన ఎవరితోనూ వాదించలేదు. ఒకసారి ఇది, ఒకసారి అది అన్నారు. తెలుగు చదవడం రానివాళ్ళకు కూర్చుని తెలుగు మాటలే కన్నడ అక్షరాల్లో రాసిచ్చేవారు. తాను మాత్రం ఎప్పుడూ ముఖానికి రంగు పూసుకోలేదు. నాటకం రోజున వేదిక ఊడ్చేది ఆయనే. ఎవరైనా చీపురు అందుకోబోతే, "నాకొచ్చిన వేషం ఇదొకటే, ఇదీ లాక్కుంటే ఎట్లప్పా?" అనేవారు.

పోయిన నెల నన్ను పక్కకు పిలిచి, "నా తర్వాత నువ్వే చూసుకోవాల" అన్నారు.

"వలస వచ్చినవాణ్ణి, నా మాట ఎవరు వింటారండీ?"

"మాట ఎవరిదీ వినరప్పా. ఎవరు ఊడస్తాండారో అది చూస్తారు."

చూద్దాం లెండి అని తప్పించుకున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. ఆ ఒక్కదానికి నాకు చాలా సిగ్గుగా ఉంది.

కర్మలన్నీ అయ్యాక మేమంతా కూర్చున్నాం. ఎవరూ ముందుకు రాలేదు. నేనూ రాలేదు. సమాజం మూసేద్దామనుకున్నాం. మొదలుపెట్టిన నాటకం కూడా మానేస్తున్నామని ఆయన భార్యకు చెప్పే పని నామీద పడింది.

నేను వెళ్ళేసరికి ఆమె మా వేషాల పెట్టె తెరిచి, చుట్టూ బట్టలు పరుచుకుని కూర్చున్నారు. నేను తొడుక్కునే రవిక ఆమె ఒళ్ళో ఉంది.

"అమ్మా, ఒక మాట..." అన్నాను.

"ఆడ్నే నిలబడితివేంది? ఈడికి రా నాయనా. పోయినేటి కంటే లావైనావు. ఇది పట్టదు, పక్కలు విప్పాల." దారం కొస పంటితో కొరికి లేచారు. "నీ కొలత తీసుకోమని ఆయన అప్పుడే చెప్పినారు. నేనే మరిచిపోతిని. చేతులెత్తు."

భుజం మీది తువ్వాలు తీసి పెట్టె అంచున వేశాను. చేతులెత్తాను. ఆమె దారాన్ని నా ఛాతీ చుట్టూ తిప్పి, కొలత అందినచోట ముడి వేసేదాకా అట్లాగే నిలబడ్డాను.