నలభై ఒకటో అడుగు

మా సోలార్ పార్కులో పలకలు కడిగే పని తెల్లవారగానే మొదలవుతుంది. ఎండెక్కితే గాజు కాలిపోతుంది, కాలిన గాజు మీద చల్లనీళ్ళు పడితే పగులుతుంది. నేను ఆ పనికి మేస్త్రీని. నిన్న మనుషులు తక్కువై నేనూ బ్రష్షు పట్టుకున్నాను. పని ముగిసి చేతులు ఆరేసరికి అరచేతుల నిండా సన్నటి బూడిదరంగు దుమ్ము అంటుకుని ఉంది. దులుపుకుందామని రెండు చేతులూ గట్టిగా రుద్దుకున్నాను. ఆ గరగర చప్పుడు విన్నాక ఇంక దేని మీదా ధ్యాస నిలవలేదు. హనుమంతరాయప్ప మామ రాతిగుండు ఎత్తబోయే ముందు పిడకల బూడిద చేతులకు రుద్దుకునేవాడు. సరిగ్గా ఇదే చప్పుడు.

ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. చూసినా గుండు ఎత్తే మనిషని అనుకుని ఉండరు. పొట్టిగా, ఎండిన చింతబరికెలా ఉండేవాడు. రాయచెర్లులో మాది పక్కిల్లు. ఐదెకరాల మెట్ట, యాభై గొర్రెలు, ఆయన, ఆదెమ్మ అత్త. వానొస్తే వేరుశనగ వేసేవాడు, రాకపోతే ఆకాశాన్ని నాలుగు తిట్టి గొర్రెల వెంట పోయేవాడు. వరసకు మామ అనేవాణ్ణి గాని అది ఏ వైపు నుంచి వచ్చిన వరసో మా అమ్మ కూడా సరిగ్గా చెప్పలేకపోయేది.

మా ఊళ్ళో ఉగాది మరునాడు గుండు ఎత్తే పోటీ జరుగుతుంది. ఊరి ముందరి బయలులో నున్నటి నల్లగుండు ఒకటి ఉంది. దాన్ని భుజానికెత్తుకుని గీత దగ్గర్నుంచి నడవాలి. ఇక చాలనుకున్న చోట మోకాళ్ళు వంచి కిందికి దించాలి. పడేస్తే లెక్కలేదు. అందరికన్నా ఎక్కువ దూరం పోయినవాడు దించిన చోట మోచేతి పొడవు రాయి ఒకటి నాటుతారు. దాన్ని దాటేవాడు వచ్చేదాకా, అది ఎన్నేళ్ళయినా సరే, ఆ రాయి అక్కడే ఉంటుంది. దాటినవాడు పాత రాయిని తన చేత్తో పెరికి, ఓడినవాడి ఇంటికి మోసుకుపోయి అప్పజెప్పాలి. ఓడినవాడు వాణ్ణి కూర్చోబెట్టి కడుపునిండా అన్నం పెట్టాలి. ఈ ఆచారం ఎవరు పెట్టారో గాని, వాళ్ళకు మనుషుల సంగతి బాగా తెలిసి ఉండాలి. మామ రాయి నలభై ఒకటో అడుగు దగ్గర, నేను పుట్టకముందు నుంచీ పాతుకుని ఉంది.

పందొమ్మిదేళ్ళప్పుడు నాకూ గుండు పిచ్చి పట్టుకుంది. పోయి మామను అడిగాను.

“పొద్దున ఏం తిన్నావప్పా?” అన్నాడు.

“సంగటి.”

“మాపటికి?”

“సంగటే.”

“అయితే సరిపోతాది. రాపో.”

రెండు నెలలు నాచేత గుండు ఎత్తించలేదు. తనే దాన్ని నడుమెత్తు గోడ మీద పెట్టేవాడు. నేను దాన్ని అక్కణ్ణుంచి భుజం మీదికి జరుపుకుని, మెల్లగా నేలకు దించాలి. అంతే పని. మళ్ళీ ఆయనే ఎత్తి గోడ మీద పెట్టేవాడు. అప్పటికే ఆయనకు యాభై దాటాయి. సిగ్గేసి, “మామా, ఎత్తేది ఎప్పుడు నేర్పిస్తావు?” అన్నాను. “ఎత్తేది ఎవురికైనా వస్తాది లే. నడుములు ఇరిగేది దించేటప్పుడే. అది నేర్చుకో ముందు,” అన్నాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి ముప్పై నాలుగు అడుగులు నడిచాను. అక్కడే ఆగిపోయాను. ఎంత మూలిగినా ముప్పై అయిదో అడుగు పడలేదు.

ఆ రోజుల్లోనే ఒకసారి ఆయన వెంట సంతకు పోయాను. ఒకడు నిగనిగలాడే పొట్టేలును నిలబెట్టి దాని గొప్పలు చెబుతున్నాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. మామ నా చెయ్యి పట్టి దాని వీపు మీద ఆనించాడు. “నొక్కి చూడు. ఉప్పు నాకించి కుండెడు నీళ్ళు తాపినాడు. వాపును చూసి బలుపు అనుకుంటాండావు. కంటికి తెలీదప్పా, చేతికి తెలుస్తాది,” అన్నాడు. నిజంగానే నా వేళ్ళ కింద అది నీళ్ళమూటలా కదిలింది. ఆ పాఠం నా మీదే అక్కరకొస్తుందని అప్పుడు నాకేం తెలుసు!

తర్వాత సోలార్ పార్కు వచ్చింది. మామ ఐదెకరాలూ, మా ఏడెకరాలూ లీజుకు పోయి పలకల కింద చేరాయి. దున్నే పని లేదు, కలుపు తీసే పని లేదు. సేద్యం చేసినన్నాళ్ళూ ఎముకలు కనబడిన మా ఈడువాళ్ళకు సేద్యం పోయాక కండల మీద మోజు పుట్టింది. బైకులేసుకుని పావగడలో ఒక జిమ్‌కు పోవడం మొదలుపెట్టాం. అక్కడ నేర్పించేవాడు నన్ను పైకీ కిందికీ చూసి, “నీది మంచి బాడీ అన్నా. కొంచెం సపోర్ట్ పడాల, అంతే,” అన్నాడు. సపోర్ట్ అంటే మాత్రలు, సూదులు. నన్నెవరూ చేతులు కట్టేసి పొడవలేదు. చొక్కా పైకెత్తి నేనే నిలబడ్డాను.

మూణ్ణెల్లలో చొక్కాలు పిగిలిపోయాయి. మా అమ్మ నా మెడ చూసి దిష్టి తీసింది. ఆ అమ్మ ముందే, చారులో ఉప్పు తక్కువైందని, కంచం విసిరికొట్టాను. వీపు నిండా మొటిమలు, ఊరికే గుండెదడ, ఎవరు పలకరించినా కోపం. కండకావరం అంటే ఏమిటో అప్పుడే తెలిసింది. మామ ఒకసారి నన్ను ఎగాదిగా చూసి, “శానా తొందరగా వచ్చిందే,” అన్నాడు. ముసలాయనకు కడుపుమంట అనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ఉగాదికి నలభై ఆరు అడుగులు నడిచాను. ఈలలు, కేకలు, మెడలో పూలదండ. అరుపుల మధ్యే మామ రాయి పెరికి నెత్తిన పెట్టుకుని ఆయన ఇంటికి పోయాను. ఆయన అప్పటికే చాప పరిచి ఉంచాడు. అత్త సంగటి, వేటమాంసం వడ్డించింది. నేను రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా మామ నా పక్కన కూర్చుని, “తినప్పా,” అంటూ వీపు మీద చెయ్యి వేశాడు. అరచెయ్యి మొత్తం ఆనించాడు. చొక్కా మీదనుంచే కాసేపు అలా ఉంచాడు. తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని కూర్చున్నాను. ఆయన చెయ్యి తీసేసి, “ఇంగొక ముద్ద ఎయ్యి ఆదెమ్మా,” అన్నాడు.

నేను బయలుదేరుతుంటే అత్త వాకిట్లోకి వచ్చింది. “బాగా ఎత్తినావంట, సంతోషం నాయనా. మీ మామ సంగతే నాకు దిగులుగా ఉండాది. చేను పోయిన కాణ్ణుంచి పొద్దున్నే ఆ రాయి కాడికి పోయి, పక్కన కూర్చుని బీడీ తాగి వస్తాండె. రేపట్నుంచి యాడికి పోతాడో ఏమో,” అంది. అప్పుడే వెనక్కి తిరిగి లోపలికి పోయి ఉండొచ్చు. పోలేదు. మెడలో దండ ఇంకా వాడలేదు మరి.

సూదులు పొడిచిన చోట గడ్డ లేచి చీము పట్టాక ఆస్పత్రిలో పడ్డాను. డాక్టరు తిట్టిన తిట్లకు సూదులు అక్కడితో ఆగాయి. మామ చూడటానికి వచ్చాడు. మంచం పక్కన కూర్చుని దానిమ్మకాయ ఒలుస్తూ ఉండిపోయాడు. నేనే ఉండబట్టలేక, “నీకు తెలుసు కదా మామా. నలుగురిలో ఎందుకు చెప్పలేదు?” అన్నాను.

“నేనెందుకు చెప్పాలప్పా? నాటినోడివి నువ్వు. పెరకాల్సింది కూడా నువ్వే,” అన్నాడు. గింజలు నా చేతిలో పోసి, “తిను. రగతం పడతాది,” అన్నాడు.

అయినా నేను పెరకలేదు. ఒళ్ళు దిగిపోయింది, చొక్కాలు వదులయ్యాయి, రాయి మాత్రం నలభై ఆరు దగ్గర నా పేరుతో నిలబడే ఉంది. దాన్ని చూసి పొంగిపోయేంత సిగ్గులేనితనం లేదు, పెరికేంత ధైర్యమూ లేదు. మళ్ళీ ఉగాది పది రోజులుందనగా మా గోపాల వచ్చాడు. వాడూ నేనూ ఒకే ఈడు, ఒకే బడి. కేవలం సంగటి బలంతో ముప్పై ఎనిమిది అడుగులు మోసే మొనగాడు.

“రామాంజీ, నీ రాయి దాటాలంటే నా ముప్పై ఎనిమిది యాడికీ చాలదు. ఆ జిమ్ములో నాకూ ఒక మాట చెప్పు. నువ్వేం ఏసుకున్నావో అదే ఏసుకుంటా,” అన్నాడు.

మామ రాయి ఉండి ఉంటే వాడికి ఇంకో మూడడుగులే తక్కువ. ఒకటి రెండేళ్ళు కష్టపడితే చేరుకునేవాడు. నేను నాటిన రాయిని సూది లేకుండా ఎవరూ చేరుకోలేరు. మామ పొద్దుటి బీడీ ఒక్కటే కాదు, గోపాల కష్టాన్ని కూడా నేను దొంగిలించాను. వాడి చీము కూడా నా పాపంలోనే చేరబోతోంది. “ఉగాది దాకా ఆగరా, నీ కాళ్ళు పట్టుకుంటా,” అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు.

పోటీ నాడు డప్పులు మొదలవకముందే బయలులోకి పోయి నిలబడ్డాను. “పోయినేడు నేను సూదులు ఏసుకుని ఎత్తినా. నలభై ఆరు నాది కాదు. నాది ముప్పై నాలుగే. ఈ రాయి పెరికేస్తాండా,” అన్నాను. ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకడు నవ్వాడు, ఒకడు ఉమ్మేశాడు. “ఊరి పరువు తీసినావు కదరా!” అని మా చిన్నాయనే కొట్టబోయాడు. నేను వంగి రాయి పట్టుకున్నాను. ఏడాదిలో నేల బిగిసిపోయింది, రాయి కదల్లేదు. అంత మందిలో ఎవరూ సాయం రాలేదు. గోళ్ళు చిట్లి రక్తం వస్తుంటే పక్కన ఎవరో గడ్డపార నేలకు ఆనించిన చప్పుడైంది. తలెత్తితే మామ. గడ్డపార నా చేతికిచ్చి పక్కకు జరిగి నిలబడ్డాడు. రాయి ఊడి వచ్చాక, నాకు మాత్రమే వినబడేలా, “దించినావు,” అన్నాడు. గెలిచిన రోజు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆయన ఇంటికి పరుగెత్తి ఆయన రాయి తెచ్చాను. ఈ ఏడాదిలో పాత గుంత ఆనవాలు లేకుండా పోయింది. ట్రాక్టర్లు తిరిగి నేలంతా ఒక్కటయ్యింది. నేనే గీత నుంచి అడుగులు లెక్కపెట్టాను. నిజం చెబుతున్నాను, కావాలనే బారు అడుగులు వేశాను. ఆయనకు చేసిన ద్రోహానికి రెండడుగులైనా ఎక్కువ ఇద్దామనిపించింది. తవ్వడం మొదలుపెట్టగానే మామ వచ్చి, చెప్పు విడిచి, మడమతో నేల నొక్కుకుంటూ వెనక్కి నడిచాడు. ఒకచోట ఆగాడు. “ఆడ కాదు. ఈడ మన్ను మెత్తగా ఉండాది, ఈడ తవ్వు.”

“రెండడుగులే కదా మామా. ఎవురికి తెలుస్తాది?”

“నాకు తెలుస్తాది, నీకు తెలుస్తాది. ఇద్దరు చాలరా? లేని అడుగులు నాకెందుకప్పా? అప్పుడు నీకు ఏసుకున్న సూది ఇప్పుడు నాకు పొడుస్తాండావా?” అన్నాడు. కోపంగానే అన్నాడు. నన్ను ఆయన తిట్టింది జీవితం మొత్తంలో ఆ ఒక్కసారే. ఆయన మడమ కింద తవ్వితే పాత గుంత దొరికింది. రాయి తన చోట తాను కూర్చుంది.

నేను పెరికిన రాయిని పారేయబోతే ఆపాడు. “ఇంటికి తీసుకుపో. ఓడినోని రాయి ఓడినోని ఇంట్లోనే ఉండాల. నీ రాయి నీకే ఇస్తాండా. రా, అన్నం తిందువు,” అన్నాడు. ఊరు నాతో సరిగ్గా మాట్లాడటానికి రెండేళ్ళు పట్టింది. మామ ఇంట్లో నాకు ఆ పూటే అన్నం పెట్టారు.

గోపాల జిమ్ముకు పోలేదు. మూడో ఉగాదికి, మామ గోడ దగ్గర రోజూ గుండు దించి దించి, నలభై రెండు అడుగులు నడిచాడు. మామ రాయిని పెరికి మోసుకుపోతుంటే నేనూ వాడి వెంట పోయాను. అప్పటికి మామ మంచాన ఉన్నాడు. లేపి కూర్చోబెట్టమన్నాడు. తనే వాడి కంచంలో ముద్ద పెట్టాడు. వాడు తింటుండగా వీపు మీద చెయ్యి ఆనించాడు. ఆయన ముఖమంతా నవ్వు పరుచుకుంది. “చూడు రామాంజీ, చెయ్యి పెట్టి చూడు. బలుపంటే ఇది,” అన్నాడు. నలభై ఒకటో అడుగు పోయినందుకు అంత సంతోషపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ ఏడు వానాకాలంలో పోయాడు.

నన్ను ఎవరైనా ఎన్నడుగులు మోశావని అడిగితే ముప్పై నాలుగు అని చెబుతాను. ఆ అంకె చెప్పేటప్పుడు నా గొంతు తడబడదు. అది ఆయన నాకు ఇచ్చిపోయిన ఆస్తి. ఆ అబద్ధపు రాయి మా ఇంట్లో నీళ్ళ డ్రమ్ము మూత మీద బరువుగా ఉంది. రోజూ పొద్దున్నే స్నానానికి నీళ్ళు తోడుకోవాలంటే దాన్ని తియ్యాలి. పెద్ద బరువేమీ కాదు. అయినా మోకాళ్ళు వంచి, పడేయకుండా, దించుతాను.