మిట్టు ఊపిరి పీల్చుకున్న రోజు

రాజేశ్వరి అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక, ఆమె మాట ముద్దముద్దగా వచ్చేది. ఎవరికీ అర్థం కాకపోయేసరికి సిగ్గుపడి మనుషులతో మాట్లాడడమే మానేసింది. మాట్లాడితే ఒక్క మిట్టుతోనే. మిట్టు మడికొండ పొలాల్లో రెక్క విరిగి దొరికిన రామచిలుక. ఆమె మంచం పైన పంజరంలో కూర్చుని, ఆమె ఎలా పలికితే అలాగే పలికేది. "చాయ్ తెండి" అని ఇద్దరూ పోటీపడి అరుస్తుంటే రాజేశ్వరి వంటింట్లో నవ్వుకునేది. ఏడాది తిరిగేసరికి అత్తగారి నాలుక కాస్త తిరిగింది. డాక్టర్లు చేయలేనిది చిలుక చేసిందని రాజేశ్వరి గట్టి నమ్మకం.

రాజేశ్వరి భర్త లక్ష్మీనారాయణకు హన్మకొండ చౌరస్తా దగ్గర చిన్న కిరాణా దుకాణం ఉండేది. 1981లో ఆమె మహిళా మండలిలో కొవ్వొత్తుల తయారీ నేర్చుకుంది. ఆ ఏడు పొద్దుగూకితే చాలు కరెంటు పోయేది. అచ్చులోంచి తీసిన కొవ్వొత్తులు తీసినట్టే దుకాణంలో అమ్ముడయ్యేవి. తన చేతి పనికి నలుగురిలో పేరొస్తుంటే ఆమెకు కాళ్లు నేల మీద నిలవలేదు. మల్లె సెంటు కలిపితే ఇంకా బాగుంటుందని ఎవరో అంటే అదీ మొదలుపెట్టింది. ఇల్లు ఇరుకు. అందుకని అత్తగారి గదిలోనే ఒక మూల స్టవ్వు పెట్టుకుని మైనం కాచేది. వానాకాలం వచ్చింది. ముసలామెకు చల్లగాలి తగలకూడదని కిటికీలన్నీ బిగించారు. మైనం వాసన పోవాలని లక్ష్మీనారాయణ హైదరాబాదు నుంచి గదిలో కొట్టే సెంటు డబ్బా తెచ్చి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొట్టేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం అత్తగారు "రాజేశ్వరీ! రాజేశ్వరీ!" అని గొంతు చించుకుని పిలిచింది. పరుగెత్తుకొచ్చి చూస్తే మిట్టు కొమ్మ మీద నుంచి పంజరం అడుగుకు జారిపోయి ఉంది. ఈకలు ఉబ్బించుకుని, ముక్కు తెరిచి ఎగశ్వాస తీస్తోంది. శ్వాస తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ కొట్టుకుంటోంది.

రాజేశ్వరి పంజరానికి తడిగుడ్డ కప్పి రిక్షా ఎక్కి పశువుల దవాఖానకు పోయింది. డాక్టరు ఊళ్లో లేడు. అక్కడున్న కాంపౌండర్ వీరభద్రం గుడ్డ తీసేసి, పంజరాన్ని చెట్టు నీడకు తీసుకుపోయి, చాలాసేపు కదలకుండా చూశాడు.

"అమ్మా, మీ ఇంట్ల ఏం కాలుస్తాన్రు?" అని అడిగాడు.

"ఏం కాలుస్తలేమన్నా. కొవ్వొత్తులు చేస్త, గంతే."

"సెంటు కలుపుతాన్రా?"

ఆమె తలూపింది. డబ్బా సంగతి కూడా చెప్పింది.

"పక్షి ఊపిరి మన ఊపిరి లెక్క కాదమ్మా, శాన నాజూకు. మనకు కమ్మగ అనిపించే వాసన దానికి ఇసం. నా దగ్గర దీనికి మందు లేదు. జరసేపు ఈడనే గాలికి ఉండనియ్యున్రి. ఫికర్ చెయ్యకున్రి, నేనుంటా."

తన చేత్తోనే దాన్ని చంపుకుంటున్నానని తెలిసి రాజేశ్వరి చెట్టు కింద కూలబడి ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు, కసురుకోనూ లేదు. మధ్యమధ్య వచ్చి చిలుకను చూసి పోయాడు. డ్యూటీ అయిపోయినా ఇంటికి పోలేదు. పొద్దు వాలే వేళకు మిట్టు మెల్లగా కొమ్మ మీదికెక్కి, తెరిచిన ముక్కు మూసి మామూలుగా ఊపిరి తీసుకుంది.

అప్పుడాయన సైకిలు మీద వాళ్ల ఇంటికే వచ్చాడు. గడప దాటగానే దగ్గి, ఎవరినీ అడగకుండా కిటికీలు తెరిచాడు. మంచం మీద అత్తగారు కూడా దగ్గుతోంది. మూడు నెలలుగా ఆమె తాగని సిరప్పు లేదు.

"ఈ దగ్గు ఎప్పటి సంది?" అన్నాడాయన.

లక్ష్మీనారాయణ భార్య ముఖం చూశాడు. ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. దగ్గు మొదలైంది సెంటు కొవ్వొత్తులు మొదలైన నెలలోనే. అతను సెంటు డబ్బా తీసుకుపోయి బయట పారేశాడు.

మర్నాడే పెరట్లో రేకులు వేసి రాజేశ్వరి పని అక్కడికి మార్చుకుంది. సెంటు మానేసింది. కరెంటు పోతే పొగ తగలకుండా పంజరాన్ని వేరే గదికి మార్చేది. అక్కడ కూడా కొవ్వొత్తి పెట్టాల్సి వస్తే, చిలుక రెక్క విదిలించినా మంట అంటుకోకుండా దానికి లాంతరు చిమ్నీ తొడిగేది. పది రోజుల్లో అత్తగారి దగ్గు తగ్గింది. దుకాణానికి వచ్చినవాళ్లను రాజేశ్వరి "ఇంట్ల పిట్టలు సాదుతాన్రా?" అని అడిగి మరీ జాగ్రత్తలు చెప్పేది. కొందరు నవ్వేవారు. ఆమె పట్టించుకునేది కాదు.

అత్తగారు ఆ తర్వాత ఇంకో ఆరేళ్లు బతికింది. చివరి రెండేళ్లు ఇరుగుపొరుగుతో కూడా ధారాళంగా మాట్లాడింది.

చాలా ఏళ్లకు వీరభద్రం రిటైరయ్యాడని తెలిసి రాజేశ్వరి ఆయన ఇంటికి పోయి, తన చిలుకను కాపాడినందుకు దండం పెట్టింది.

"ఏ చిలుకమ్మా?" అన్నాడాయన. రోజుకు ఎన్ని గొడ్లు, ఎన్ని మేకలు చూసిన మనిషి! ఆయనకు గుర్తే లేదు.

రాజేశ్వరి ఏమీ అనుకోలేదు. ఆయన అరుగు మీద కూర్చుని, ఆయన చేసిన మేలును ఆయనకే మొదటి నుంచి పూసగుచ్చినట్టు చెప్పింది. ముసలాయన చెంపకు చెయ్యి ఆనించుకుని, ఎవరి కథో విన్నట్టు చివరిదాకా విన్నాడు.