దొంగ మరుపు అనుకున్నాను

మా పెద్దబ్బాయి పోయాడు. మొన్న పొద్దున మగ్గం గుంటలో కూర్చునే మూర్ఛ వచ్చి వాలిపోయాడు. నాకు చదువు అంతంత మాత్రం. అయినా వాడి గురించి మీకు చెప్పాల్సినది ఒకటి ఉంది. అది నా తప్పు.

రెండేళ్ళ కిందట పామర్రులో చీరల మూటతో బస్సు పైకెక్కి జారిపడ్డాడు. తల పగిలింది. గాయం మానింది గానీ, ఆ ఏడే అయిన పెళ్ళి సంగతే గుర్తులేదన్నాడు. పొద్దున్నే కోడలిని చూసి, "అమ్మా, ఈ అమ్మాయెవరు?" అనేవాడు. ఆ పిల్ల తన పేరు చెప్పేది. "మంచి పేరు" అని నవ్వేవాడు. మర్నాడు మళ్ళీ అదే.

ఆ సంబంధం వాడికి ఇష్టం లేదు. నేనే మెడలు వంచి చేశాను. అందుకే పిల్లను వదిలించుకోవడానికి వేషం వేస్తున్నాడని నా అనుమానం. పైగా మగ్గంలో కూర్చుంటే వాడు ఏదీ మరిచిపోయేవాడు కాదు. రుద్రాక్ష అంచు నేయాలంటే గింజ గింజకూ పోగులు లెక్క చూసుకోవాలి. ఒక్కటి తప్పినా గింజ వంకర పోతుంది. వాడి అంచులో ఒక్క వంకర లేదు. ఇంత లెక్క నిలిచిన తలలో పెళ్ళాం నిలవదా?

ఈలోగా కోడలి అన్న వచ్చాడు. "మీవాడు ఎవరో తెలీదంటుంటే మా చెల్లి ఇక్కడెందుకండీ? తీసుకుపోతా" అని మా ఇంట్లోనే మకాం వేశాడు.

నేనే వల పన్నాను. మావాడు అన్నానికి లేచినప్పుడు అంచులో రెండు పోగులు మార్చి కట్టాను. తిరిగి వస్తూనే కనిపెట్టి విప్పేశాడు.

"ఇదెవరు కట్టారమ్మా, కళ్ళకు గంతలు కట్టుకునా?"

"దొరికావురా! పోగు గుర్తుంది, తాళి కట్టిన పిల్ల గుర్తులేదా? చాలించు నీ నాటకం!"

వాడు బిక్కమొహం వేశాడు.

గుట్టు బయటపెట్టిద్దామని బెజవాడ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అణా బిళ్ళ చూపించి, గుప్పిట మూసి, పది నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నారు. తర్వాత ఏ చేతిలో ఉందో అడిగారు. అలా పదిసార్లు. అన్నీ సరిగ్గా చెప్పాడు.

"చూశారా, గుర్తుందండీ!" అన్నాను.

"అందుకేనమ్మా ఇది నటన కాదంటున్నా. ఆ కాస్సేపు ఎవరికైనా గుర్తుంటుంది; దొంగ మరుపువాడైతే కావాలని తప్పు చెబుతాడు. చేతికి అలవాటైన పని ఎక్కడికీ పోదు. పోయింది ఈమధ్య సంగతులు, కొత్తవి నిలవవు."

గంటాగి ఆయనే మళ్ళీ వస్తే, మావాడు లేచి దణ్ణం పెట్టి, "తమరెవరండీ?" అన్నాడు.

కోడలు ఆ సాయంత్రమే అన్నను పంపేసింది. "రోజూ పేరడుగుతారు, చెబుతాను. నోరేం అరిగిపోదులే అన్నయ్యా" అంది.

నేను మగ్గం గుంట పక్కన కూలబడి, "నిన్ను దొంగన్నానురా, మన్నించు" అని ఏడ్చాను. వాడికి నేనన్న మాటే గుర్తులేదు. చేతిలో పోగు నేసే నాడె పక్కన పెట్టి లేచాడు.

"ఎవరమ్మా నిన్ను ఏడిపించింది?" అంటూ గుమ్మం దాకా వెళ్ళి, వీధికి రెండు వైపులా చూశాడు.