వెల్డింగ్ లేని గది

గుండుగొలను దగ్గర హైవే పక్కన మా నాన్నకు వెల్డింగ్ షాపు ఉంది. చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద షెడ్లు చాలావరకు ఆయన చేతివే. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి నేనూ ఆ షాపులోనే చేరాను.

కొల్లేటి పక్క ఊరి నుంచి ఒక రిటైర్డ్ టీచరుగారు వచ్చారు. ఏటా వానలకు ఇంట్లోకి నీళ్ళొస్తున్నాయి, డాబా మీద ఒక గది వేయించుకోవాలి. కింది గోడలు అప్పటికే బీటలిచ్చాయి. ఇటుకతో కడితే ఆ మెత్తటి నేలలోకి ఇల్లు ఇంకా దిగబడుతుంది.

నాన్న ఇనప స్క్వేర్ పైపు అన్నారు. గట్టిదే, కానీ బరువు. పైగా కొల్లేటి తేమకు రంగు ఊడిన చోటల్లా తుప్పు. నేను జింకు పూత ఉన్న పల్చటి సీ ఛానల్, అంటే ఇంగ్లీషు సీ అక్షరంలా వంచిన ఉక్కు రేకు, అన్నాను. ఒక్కటి పట్టుకుంటే ఊగుతుంది. దగ్గర దగ్గరగా నిలబెట్టి, స్క్రూలతో బిగించి, రెండు వైపులా సిమెంటు బోర్డులు కొడితే కదలమన్నా కదలదు.

మా దగ్గర ఇనుము మంచిచెడ్డలు చేత్తో ఎత్తి చెబుతారు. నాన్న ఛానల్‌ని ఒంటిచేత్తో ఎత్తి, నా వైపు తిరిగి, "ఇది గదికా అమ్మా, కోళ్ళగూటికా?" అన్నారు.

"బరువు తక్కువదే పెట్టండి బాబూ," అన్నారు టీచరుగారు.

పని మొదలయ్యాక, స్క్రూల కోసం నేను ఏలూరు వెళ్ళి వచ్చేసరికి నాన్న ఒక గోడ ఫ్రేములో ప్రతి జాయింటుకీ వెల్డింగ్ పెట్టేశారు. నా గది ఎక్కడ కూలుతుందోనని ఆయన భయం. జింకు మాడి నల్లబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తుప్పు ఇక్కడే మొదలవుతుంది నాన్నా! గోడంతా విప్పాల్సిందే," అని పనివాళ్ళందరి ముందూ అరిచాను. ఆయన మాస్కు అక్కడే పెట్టి బండెక్కి వెళ్ళిపోయారు. అందరి ముందూ అన్నందుకు సిగ్గుపడ్డాను, అన్న మాటకు మాత్రం కాదు.

మర్నాడు పొద్దున్నే డ్రిల్లు తెచ్చుకుని వచ్చారు. తనే ఆ గోడ విప్పారు. కొత్త ముక్కలు నిలబెట్టి, "స్క్రూకీ స్క్రూకీ మధ్య ఎంత ఉండాలమ్మా?" అని అడిగారు. ఇనుము గురించి ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. టేపు తీసి కొలిచి చూపించాను.

ఆ వానాకాలం మళ్ళీ నీళ్ళొచ్చాయి. మేమిద్దరం చూడ్డానికి వెళితే కింద మోకాలి లోతు నీళ్ళు, పైన టీచరుగారు పొడి మంచం మీద కూర్చుని టీ తాగుతున్నారు. కింది గోడల్లో కొత్త బీటలేమీ లేవు.

పక్కింటాయన మెట్లెక్కి వచ్చి గోడ తట్టి చూశారు. "బాగుందండీ. మీరే కట్టారా?" అని నాన్నని అడిగారు.

"మా అమ్మాయి కట్టిందండి," అన్నారు నాన్న. "నేను స్క్రూలు బిగించానంతే."