బోణీ అయ్యేదాకా లక్ష్మీపూర్‌లో

రాయగడలో మాదొక చిన్న సంస్థ. మానసిక జబ్బు చేసి, వైద్యంతో కుదుటపడినవాళ్ళకు పని వెతికిపెడతాం. పని చూపించి చేతులు దులుపుకోవడం కాదు. మొదటి కొన్ని వారాలు మాలో ఒకరు పక్కనే ఉండి పని అలవాటు చేయించాలి, యజమానికి ధైర్యం చెప్పాలి, ఆ తర్వాత మెల్లగా తప్పుకోవాలి. ఈ బృందానికి నన్ను పెద్దను చేశారు. నాకు డిగ్రీలేమీ లేవు. మా మరిదికి ఇదే జబ్బు, పదేళ్ళు ఇంట్లో పెట్టుకుని చూశాను. పైగా రిజిస్టరు కొట్టివేతలు లేకుండా రాస్తాను. ఆ రెండే నా అర్హతలు. బృందంలో ఇంకా ఇద్దరున్నారు. అప్పారావు మాస్టారు రిటైరైన లెక్కల టీచరు, మాటలు ఎక్కువ. సబితక్క ఒడియా ఆవిడ, అంగన్‌వాడీలో పనిచేసి మానేసింది, మాటలు తక్కువ. ఈ ఇద్దర్నీ వెంటేసుకుని, కుమారి అనే అమ్మాయికి ఉద్యోగం కోసం లక్ష్మీపూర్ వెళ్ళి వచ్చిన రోజు గురించి రాస్తున్నాను. ఆ దారిలో ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు పనికొస్తుంది. కనీసం నేను చేసిన తప్పులు మీరు చేయకుండా ఉంటారు.

కుమారికి ఇరవై ఎనిమిదేళ్ళు. రెండేళ్ళుగా మాత్రలు తప్పకుండా వేసుకుంటోంది, చెవిలో వినిపించే గొంతులు ఆగిపోయాయి. ఆగనిది ఒక్కటే. అన్నా వదినా పనికి వెళ్ళేటప్పుడు ఆ పిల్ల గదికి బయటనుంచి తాళం వేస్తారు. రాత్రి కూడా వేస్తారు. “ఎక్కడైనా పనిలో కుదిరితే నాకెందుకండీ ఈ తాళం” అని వాళ్ళన్న నాతో చాలాసార్లు అన్నాడు. రాయగడలో రెండు కొట్లలో పెట్టి చూశాం. ఊరందరికీ తెలిసిన పిల్ల, రెండుచోట్లా వారం తిరక్కుండానే వద్దన్నారు. లక్ష్మీపూర్‌లో కుమారి పిన్ని ఉంది, ఒక హాస్టల్లో వంట చేస్తుంది, ఇంటి వెనక ఒక గది ఖాళీగా ఉంది. అదే ఊళ్ళో చింతపండు, పసుపు, ఉల్లిపాయలు టోకున అమ్మే తెలుగు షావుకారు ఒకాయన ఫోనులో “తీసుకురండి, సూద్దాం” అన్నాడు. ఆ ‘సూద్దాం’ మీద ఆశపెట్టుకుని బయల్దేరాం. ఇదీ పోతే కుమారికి మళ్ళీ ఆ గదే.

నేను పద్ధతిగా ఆలోచించాను. సంత రోజు షావుకారుకు తీరిక ఉండదు కాబట్టి సంత లేని రోజు ఎంచుకున్నాను. కొట్టు తెరిచేసరికి ఎదురుగా ఉంటే మన పిల్ల ఎంత వేళకు వస్తుందో ఆయనకే తెలుస్తుందని మొదటి బస్సు ఎంచుకున్నాను. ఈ రెండూ ఎంత తెలివితక్కువ పనులో ముందుముందు చూస్తారు.

ఐదుగంటలకు కుమారిని తీసుకెళ్ళడానికి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళన్న లుంగీ మడతలోంచి తాళంచెవి తీసి గది తెరిచాడు. పిల్ల మంచం మీద కూర్చుని ఉంది, సగం జడ వేసుకుని, కళ్ళు మూతలు పడిపోతూ. మిగతా సగం నేనే అల్లేసి, మొహం కడిగించి, లాక్కుపోయినట్టు బస్టాండుకు తీసుకెళ్ళాను. నాకు ఒక పుస్తకం ఉంది, అందులో రోజూ రాస్తాను. ‘ఐదూ ఐదు: మగతగా ఉంది’ అని రాశాను. రాసి మూసేశాను.

కొరాపుట్ వెళ్ళే బస్సు ఐదున్నరకు. లక్ష్మీపూర్‌కు మనిషికి ముప్పై ఎనిమిది రూపాయలు. ముందు సీట్లు దొరికితేనే ఎక్కండి, వెనక కూర్చుంటే కొండ ఎక్కే ఘాటీ మలుపుల్లో కడుపులో ఉన్నది నిలవదు. ఆడవాళ్ళు ఇంటి దగ్గరే అన్ని పనులూ ముగించుకుని బయల్దేరాలి, దారిలో ఆగినచోట చెట్టూ పుట్టా తప్ప ఏమీ లేవు. నిమ్మకాయలు నాలుగు తీసుకెళ్ళాను. సబితక్కకు మూడు సరిపోయాయి.

కండక్టరు టికెట్లు కొడుతూ మా దగ్గరికి వచ్చి “ఏటి మాస్టారూ, దండు కదిలింది?” అన్నాడు. అప్పారావుగారికి ఇంతకంటే ఏం కావాలి?

“ఈ అమ్మాయికి ఉద్యోగం. జబ్బు చేసింది, ఇప్పుడు బాగయిపోయింది. మనసు జబ్బులే” అని బస్సంతా వినేలా చెప్పారు.

కండక్టరు అర అడుగు వెనక్కి వేశాడు. “ఓలమ్మో. కొడతాదేటి?”

కుమారి కిటికీకి తల ఆనించి, కళ్ళు మూసుకునే జవాబు చెప్పింది. “సిల్లర ఇవ్వకపోతే కొడతాను.”

వెనక సీటులో ఎవరో పకపకా నవ్వారు. కండక్టరు నవ్వలేదు గానీ, చిల్లర మాత్రం పైసాతో సహా ఇచ్చేశాడు. నేను మాస్టారి మీద విరుచుకుపడ్డాను. మా బృందంలో మొదటి నియమం, ఎవరి జబ్బు సంగతి వాళ్ళే చెప్పుకోవాలి, చెప్పాలనిపిస్తేనే. ఆ నియమం కాగితం మీద అందంగా రాసిపెట్టింది ఆయనే. “నేను మంచే చెప్పేను కదండీ, బాగయిందనే కదా అన్నాను” అని ఆయన తిరిగి నామీద అలిగారు. ఘాటీలో ఒక లారీ అడ్డంగా ఆగిపోయి ఇరవై నిమిషాలు నిలబడ్డాం. మంచు, పచ్చటి కొండలు, అన్నీ ఉన్నాయి. చూసే ఓపిక నాకు లేదు. కుమారి నిద్రపోయింది.

ఎనిమిదింబావుకు దిగాం. షావుకారు అప్పుడే కొట్టు తెరిచి, పటానికి అగరొత్తులు వెలిగిస్తున్నాడు. సరిగ్గా అనుకున్న సమయమే అని పొంగిపోయి, డాక్టరుగారి ఉత్తరం ముందుకు చాపి మెట్టెక్కాను. నా వెనక మిగతావాళ్ళు వరసగా ఎక్కారు.

“ఏటమ్మా ఇది!” అని కసిరాడాయన. “ఇంకా బోణీ అవ్వనేదు. తలుపు తీసీ తియ్యకముందే అడగడానికి వచ్చేసేరేటి? దిగండి, దిగండి.”

“ఫోనులో మీరే రమ్మన్నారండీ...”

“ఫోను సంగతి బోణీ అయ్యేక!”

ఎదురుగా టీ బడ్డీ ఉంది. దాని బెంచీ మీద నలుగురం కూలబడ్డాం. ఇన్నేళ్ళుగా తెలుగు కొట్లలో సరుకులు కొంటున్నాను, తొలి బేరం కాకముందు వాళ్ళు ఎవరికీ ఏదీ ఇవ్వరని, మాట కూడా ఇవ్వరని నాకు తెలియదా? తెలుసు. పదకొండు అంశాలు రాసుకున్న నా కాగితంలో అది లేదు, అంతే. బడ్డీ ఆయన్ని బోణీ ఎప్పుడవుతుందని అడిగాను.

“సంతనాడైతే పావుగంట అమ్మా. ఈయేళ సంత నేదు కదా. పది అవ్వొచ్చు, పదకొండు అవ్వొచ్చు. మీకెవరు సెప్పేరు ఈయేళ రమ్మని?”

ఎవరూ చెప్పలేదని, నేనే ఆలోచించుకున్నానని చెప్పలేదు. బరా, ఘుగుని తెమ్మన్నాను. మన గారెల్లాంటివే, మీద బఠాణీల కూర పోసి ఇస్తారు. ప్లేటు ఎనిమిది రూపాయలు, బాగుంది. కుమారి తినలేదు, నా భుజం మీద తూగుతూనే ఉంది. షావుకారు అటునుంచి చూస్తున్నాడేమోనని మాటిమాటికీ మోచేత్తో పొడిచాను.

ఇంతలో ఒక కొండ ఊరి ముసలావిడ బుట్టెడు చింతపండు అమ్మడానికి వచ్చింది. బోణీ కాకుండా చేతిలోంచి డబ్బు పోకూడదు కాబట్టి షావుకారు ఆవిడ్నీ ఎదుటికి తరిమాడు. ఆవిడ మాలాగా మొహం మాడ్చుకోలేదు. మా బెంచీ పక్కనే చతికిలబడి, చుట్ట వెలిగించి, చింతపండులో గింజలు తీసుకుంటూ కూర్చుంది. తొమ్మిది దాటాక కుమారి తల ఎత్తింది. కాసేపు చూసి, బెంచీ దిగి, బుట్ట తనవైపు లాక్కుంది. ఇద్దరూ కొండ ఊళ్ళ భాష దేశియాలో ఏవో మాట్లాడుకుంటూ గింజలు తీయసాగారు. ఆ పిల్లకు దేశియా వచ్చని నా పుస్తకంలో ఎక్కడా లేదు. “చేతులు అంటుకుపోతాయి, లోపలికి వెళ్ళాలి కదమ్మా” అన్నాను. వినిపించుకోలేదు. ఈనె, గింజ, తొక్క వేరు చేసి మూడు కుప్పలు పెట్టింది.

పదింటికి ఒక హోటలు వంటాయన వచ్చి ఉల్లిపాయలు బేరం చేశాడు. మేమందరం ఊపిరి బిగబట్టాం. ఐదుకిలోల మీద రెండు రూపాయల దగ్గర తేడా వచ్చింది. షావుకారు తగ్గలేదు, వంటాయన సంచీ దులుపుకుని మెట్టు దిగిపోయాడు. అప్పారావుగారు లేచి అతని వెంట పరుగెత్తారు.

“బాబూ, ఆ రెండు రూపాయలూ నేనిస్తాను. కొను నాయనా, నీకు దణ్ణం పెడతాను!”

మా సంగతి అప్పటికే ఊళ్ళో తెలిసినట్టుంది, అతను మాస్టార్ని ఎగాదిగా చూసి, కుమారినీ చూసి, “మీలో ఎవరండీ మనసు బాగోనిది?” అన్నాడు. కుమారి అందరికంటే గట్టిగా నవ్వింది. మొత్తానికి కొన్నాడు, బోణీ అయింది. ఆ రెండు రూపాయలు ఏ పద్దు కింద రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

లోపలికి పిలిచాడు. నాకు కుర్చీ వేశాడు. కుమారి నిలబడింది.

“పేరేటి అమ్మీ?”

“కుమారి అండీ” అన్నాను నేను.

“ఎంతవరకు సదివేవు?”

“తొమ్మిది పాసయింది. తూకం, లెక్క వచ్చు” అన్నాను. డాక్టరుగారి ఉత్తరం మళ్ళీ తీశాను.

“ఆంటీ, మీరెళ్ళి టీ తాగండి” అంది కుమారి.

“తాగాను కదమ్మా.”

“ఇంకోటి తాగండి.”

మాస్టారు నోరు తెరవబోతే సబితక్క ఆయన చొక్కా పట్టుకుని బయటికి లాగింది. ఆ రోజు మా బృందంలో ఎవరైనా చేసిన మంచి పని అదొక్కటే. బెంచీ మీద కూర్చుని చూస్తున్నాను. మాట వినిపించదు. షావుకారు తల ఊపడం, కుమారి జిగట చేతులు చూపించడం, ముసలావిడ బుట్ట వైపు ఆయన వేలు చాపడం, ఇంతే. నేను రాసుకొచ్చిన పదకొండు అంశాల్లో ఒక్కటైనా ఆ పిల్ల చెబుతోందా అని మనసులో ఒకటే పీకులాట.

పావుగంటకు వచ్చింది. “కుదిరింది. నెలకి తొమ్మిది వందలు. రోజూ బోణీ అయ్యేక రమ్మన్నాడు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా లోపలికి వెళ్ళాను. “బోణీకి ముందు ఈ పిల్ల మొహం కనిపించకూడదా? మిగతా పనివాళ్ళందరూ ఎనిమిదికే వస్తారు కదా?”

ఆయన తడబడలేదు. “నా వేపారం నాదమ్మా. పొద్దున్న ఎవరు ఎదురొచ్చేరో సూసుకుంటాను. పని దగ్గర ఏ తేడా సూపించను, సాయంత్రం దాకా అందరితోనే. కుదిరితే కుదిరింది, నేదంటే నేదు.”

“కుదరదు. పద కుమారీ.”

కుమారి కదల్లేదు. “ఎక్కడికి ఆంటీ? ఆ గదికా?”

నా సంచీ వైపు వేలు చూపింది.

“పొద్దున్న పుస్తకంలో ఏటి రాసేరు?”

తీశాను. ‘ఐదూ ఐదు: మగతగా ఉంది.’ నిన్నటి పేజీలో, ‘ఉదయం మగత, తొమ్మిది దాటాక తేరుకుంది.’ మొన్నా అదే. మూడు నెలలుగా, రోజూ, నా గుండ్రటి దస్తూరీలో అదే.

“రాత్రి మాత్రకి నాకు తొమ్మిది దాకా తెలివి రాదు. ఎనిమిదికి మీరు రమ్మన్నా రానేను. ఈయన వద్దంటున్నాడు. మీకేటి బాధ?” అంది. తర్వాత గొంతు తగ్గించింది. “ఆయన దేనికన్నాడో నాకూ తెలుసు ఆంటీ. ఆ మాట ఆయన దగ్గరే ఉండనీండి. నా నిద్ర నాకు కావాల.”

రాయగడలో రెండు కొట్లూ ఎనిమిదికే తెరిచేవి. అక్కడ పని ఎందుకు పోయిందో కూడా నా పుస్తకంలో ఉంది. ‘తూగుతోందని ఫిర్యాదు.’ నేనే రాశాను. రాయడమే చేశాను, ఒక్కనాడూ చదువుకోలేదు.

బోణీ అవగానే బడ్డీ ఆయన వెనక వీధిలో ఉన్న పిన్ని ఇంటికి వినిపించేలా కేకేసేటట్టు కుమారే మాట్లాడుకుంది. సబితక్క రెండు వారాలు తోడు ఉండేటట్టు ఒప్పుకుంది. పిన్ని ఇల్లు చూడడానికి వెళ్ళాం. పిన్ని ఆరింటికే హాస్టలుకు వెళ్ళిపోతుంది. వెనక గదికి గొళ్ళెం ఉంది, తాళం లేదు. కుమారి బజారులో అరగంట తిరిగి, నాలుగు తాళాలు నొక్కి చూసి, ముప్పై ఐదు రూపాయలది ఒకటి ఎంచుకుంది. గది తలుపు దగ్గరకు వేసి, తానే బయట నిలబడి తాళం వేసింది. తీసింది. మళ్ళీ వేసింది. రెండు తాళంచెవులు. నా చెయ్యి నాకు తెలియకుండానే ముందుకు చాచాను, ఒకటి నా దగ్గర ఉంటే జాగ్రత్త అన్నట్టు. కుమారి నా చెయ్యి వైపు ఒకసారి చూసి, రెండూ చున్నీ కొసన ముడేసుకుంది. “మూడింటి బస్సు పోతాది ఆంటీ” అంది.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. కుమారి అక్కడే పనిచేస్తోంది. షావుకారు మీద నా కోపం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు. ఇప్పుడు వెళ్ళినా ఆయనతో ఆ మాటే ఎత్తుతాను, ఆయన నాకు కుర్చీ వేసి వేరే మాట ఎత్తుతాడు. కానీ ఎక్కువ కోపం నామీదే. మూడు నెలలు ఒక మనిషి తన గురించి చెబుతూ ఉంటే, నేను పొందికగా రాసుకుంటూ, ఆ మనిషికి వేరే వేళలు నిర్ణయిస్తూ తిరిగాను. ఇప్పుడు బయల్దేరేముందు పుస్తకం చదువుతున్నాను. పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ళ చేతే చదివిస్తున్నాను. చాలా తప్పులు దొరుకుతున్నాయి.

లక్ష్మీపూర్ వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన. సంత రోజున, పది దాటాక వెళ్ళండి అని రాద్దామనుకున్నాను, అది మీరే గ్రహించి ఉంటారు. అసలు సూచన తాళం గురించి. బజారులో మంచి తాళాలే దొరుకుతాయి. రెండు చెవులున్నది కొనండి, పనిలో చేరిన మనిషికి రెండూ ఇచ్చేయండి. రెండోది మీ దగ్గర ఉంచుకోవాలనిపిస్తుంది. బస్సు టైమైందని చెప్పి వచ్చేయండి.