గఫార్ తీగల మీద పడ్డ నింద

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే ఒకరు రాస్తున్నారు. నా గొంతు బొంగురు, మధ్యలో ఆగిపోతే కాసేపు ఓపిక పట్టమన్నాను. పదేళ్లు దాటింది ఈ మాటను లోపల పెట్టుకుని తిరగబట్టి. మొదట్లో అన్నం ముందు కూర్చున్నా గుర్తొచ్చేది. తర్వాత మరిచిపోయాననుకున్నాను. మరిచిపోలేదు. అలవాటైంది, అంతే. ఇది చదివే నువ్వెవరో నాకు తెలియదు. అదే మంచిదైంది. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే నా నోరు పెగలదు.

మా ఇల్లు ఛత్రినాకలో. మా ఆయన టెన్నిస్ రాకెట్లకు తీగలు బిగించేవాడు. పొద్దున క్లబ్బులో, సాయంత్రం ఇంట్లో అదే పని. ఆ రోజుల్లో మంచి ఆటగాళ్లు గొర్రె పేగుతో చేసిన తీగలే అడిగేవాళ్లు. వాటిని మా ఆయనకు తెచ్చిచ్చేది గఫార్. దబీర్‌పురాలో ఉండేవాడు. పేగులు కడిగి, పురిపెట్టి, ఎండలో లాగి కట్టి ఆరబెట్టేవాడు. ఇద్దరిదీ పెళ్లిళ్లు కాకముందు స్నేహం. గఫార్ తీగ తేవాలి, మా ఆయన బిగించాలి. ఇంకొకరి తీగను మా ఆయన ముట్టేవాడు కాదు.

నాకు మాత్రం ఆ పేగుల వాసన పడేది కాదు. ఎంత ఎండినా నా ముక్కుకు తగిలేది. గఫార్‌కు ఈ సంగతి తెలుసు. తీగల చుట్ట తెచ్చినప్పుడల్లా గడప బయటే నిలబడి, “భాభీ, ముక్కు మూసుకో, నేనొచ్చిన” అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు నిజమైనదేనా? ఏమో. అతను పోయాక గడపలో నీళ్లు చల్లేదాన్ని.

ఆ ఏడు ఒక ఎడమచేతి ఆటగాడు మా ఇంటికి వచ్చాడు. మా ఆయన పనిచేసే క్లబ్బులోనే చిన్నప్పుడు ఆట నేర్చుకున్నవాడు. మద్రాసువైపు నుంచి వచ్చిన ఒక పొడుగాయనతో జోడీ కట్టి, ఇద్దరూ కలిసి దేశం తరఫున విదేశంలో పెద్ద పోటీలకు వెళ్తున్నారు. ఇద్దరు ఆడే ఆట ఒకడి చేతిలో ఉండదని మా ఆయన చెప్పేవాడు. ఎదుటివాళ్లు ఎవరు బలహీనంగా ఉంటే వాళ్లవైపే కొడతారట. ఎడమచేతాయన మూడు రాకెట్లు ఇచ్చి, గఫార్ తీగలే వేయమన్నాడు. మా ఆయన నాలుగు రోజులు ఆ పని మీదే కూర్చున్నాడు. బిగించాక వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. మూడూ ఒకే గొంతుతో పలికితేనే లేచాడు. వాటిని లోపలి గదిలో మేకులకు తగిలించాడు. అదే నేను వంట చేసే గది.

మరునాడే మా వాడలో బోనాలు. మా ఆయన పొద్దున్నే గుడి దగ్గరి పనుల్లోకి పోయాడు. నేను ఇల్లంతా కడిగి, పేడతో అలికి, తలస్నానం చేసి బోనం వండడానికి కూర్చున్నాను. తల ఎత్తితే ఎదురుగా ఆ పేగులు. అమ్మవారికి పెట్టే అన్నం వాటి కింద ఎలా వండను? మా ఆయన ఉంటే, “అమ్మకు యాటనే కోస్తం, పేగు ముట్టుడైతదా?” అని ఎగతాళి చేసేవాడు. ఆ మాట నిజమే. కానీ మేకను కోసేది గుడి బయట, బోనం వండేది మడి పొయ్యి మీద. నాకు అప్పుడు తోచింది అదే. తడి గుడ్డ చేతికి చుట్టుకుని మూడు రాకెట్లనూ తీసి, వెనక వాకిట్లో రేకుల కింద పెట్టాను.

బోనం ఎత్తుకుని గుడికి పోయాను. వరుసలో ఉండగా వాన పడింది. అందరూ అమ్మ దయ అన్నారు. నేనూ అన్నాను. రాకెట్లు గుర్తుకే రాలేదు. ఇంటికి వచ్చి చూస్తే రేకుల సందు నుంచి కారిన నీళ్లు మూడింటి మీదా పడ్డాయి. తీగలు ఉబ్బి మెత్తబడ్డాయి.

పేగుకు నీళ్లు తగలకూడదని నాకు తెలియదా? తెలుసు. ఆ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. అప్పుడే పరుగెత్తి మా ఆయనకు చెప్పి ఉంటే తీగలు కోసేసి కొత్తవి వేసేవాడు, గఫార్ ఇంకో చుట్ట తెచ్చేవాడు, నాకు నాలుగు తిట్లు పడేవి, అంతటితో పోయేది. నేను చెప్పలేదు. బోనం వండిన పొయ్యిలో నిప్పులు ఇంకా ఉన్నాయి. రాకెట్లను ఆ సెగకు పట్టుకున్నాను, అప్పడం కాల్చినట్టు తిప్పి తిప్పి. తీగలు ఆరి మళ్లీ బిగుసుకున్నాయి. గుడ్డకు చుక్క కొబ్బరినూనె రాసి తుడిస్తే మెరుపు కూడా వచ్చింది. తిరిగి మేకులకు తగిలించాను. చూడటానికి ఏ తేడా లేదు.

మర్నాడు పొద్దున ఎడమచేతాయన ఆటో ఆపి, దిగీదిగక ముందే రాకెట్లు ఇమ్మన్నాడు. రైలుకు టైమైందట. మా ఆయనకు మీటి చూసే వ్యవధి కూడా దొరకలేదు. పోతూ పోతూ ఎడమచేతాయన నా వైపు తిరిగి, “అక్కా, గుడి కుంకుమ జర వీటికి పెట్టు” అన్నాడు. నేను పెట్టాను. మూడు పిడులకూ నా వేలితోనే పెట్టాను. నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా?

రెండు నెలలకు ఆయన తిరిగి వచ్చాడు. సంచి విప్పి మూడు రాకెట్లూ నేల మీద పెట్టాడు. మూడింటికీ తీగలు తెగి ఉన్నాయి. మొదటి ఆటలు పాత రాకెట్లతో నెగ్గి, వీటిని పెద్ద ఆట కోసం దాచుకున్నారట. ఆ రోజు ఒకటి తెగింది, ఇంకోటి తీస్తే అదీ తెగింది, కాసేపటికి మూడోది. పాతవి బసలోనే ఉండిపోయాయట, పొడుగాయన తన రాకెట్ ఇచ్చాడట. దాని పిడి లావు, ఈయన చేతిలో నిలవలేదు. ఎదుటివాళ్లు అది కనిపెట్టి బంతులన్నీ ఈయనవైపే కొట్టారు. గెలుపు దాకా వచ్చి ఓడిపోయారు. పొడుగాయన ఒక్క మాట కూడా అనలేదట. ఆ సంగతి చెప్పేటప్పుడే ఈయన కళ్లు దించుకున్నాడు.

మా ఆయన తెగిన కొసలను వేళ్లతో నలిపి చూశాడు. పేగుకు ఎప్పుడో తేమ పట్టింది, గఫార్ సరిగ్గా ఆరబెట్టలేదు అన్నాడు. నేను పక్కనే నిలబడి విన్నాను.

సాయంత్రానికి గఫార్ వచ్చాడు. ఎప్పటిలాగే గడప బయట నిలబడ్డాడు. నవ్వలేదు.

“అల్లా కసం, మండుటెండల ఆరబెట్టిన. నా తీగకు తేమ ఎట్ల పడ్తది?”

“తీగలు తెగినయ్ కదరా! నా చేతి పని మీద ఎవడన్న ఒక్క మాటన్నడా ఇన్నేండ్లల్ల?”

“నా తీగ మీద అన్నరా మరి? నీ ఇంట్లనే నీళ్లు తగిలినయేమో.”

“నా ఇంట్లనా?”

“నువ్వు ఇంట్ల ఎంతసేపుంటవ్, బోనాలప్పుడు? భాభీని అడుగుత.” గఫార్ నా వైపు చూశాడు. “భాభీ, నువ్వేం చెప్తె అదే. వానల తడిసినయా?”

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. నేను అన్నాను: “నేను వాటిని ముట్టనే ముట్టను గద భాయ్. నీకు తెల్వదా?”

గఫార్ తల ఊపాడు. తర్వాత మెల్లగా, “సచ్ హై. భాభీ పేగు ముట్టది” అన్నాడు. తల వంచుకుని వెళ్లిపోయాడు.

నా అసహ్యాన్నే నేను అడ్డం పెట్టుకున్నాను. అది నిజం కాబట్టి అతను నమ్మాడు. ఉత్త అబద్ధమే ఆడి ఉంటే పట్టుబడేదాన్నేమో.

ఆ మాట క్లబ్బుల్లో పాకింది. గఫార్ తీగలు ఎవరూ కొనలేదు. కొన్నాళ్లకు దబీర్‌పురా స్టేషన్ దగ్గర కట్టెల అడితిలో మొద్దులు చీల్చే పనిలో కుదిరాడని విన్నాను. మా ఆయన నైలాన్ తీగలకు మారాడు. బిగించేవాడు, పక్కన పెట్టేవాడు. చెవి దగ్గర పెట్టుకోవడం మానేశాడు. గఫార్ పేరు మళ్లీ ఎత్తలేదు. ఎడమచేతాయనా మళ్లీ మా ఇంటికి రాలేదు. ఆ జోడీ తర్వాత ఎన్నాళ్లు కలిసి ఆడిందో నాకు తెలియదు.

ఎందుకు చెప్పలేదు? మా ఆయనంటే భయమా? ఆయన నా మీద ఎన్నడూ చెయ్యెత్తలేదు. అమ్మవారి పండుగ వల్ల దేశం ఓడిందంటారనా? అలా అని చాలా ఏళ్లు నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అసలు మాట ఇంకోటి ఉంది, అది చెప్పకపోతే ఇదంతా రాయించడం దండగ. గఫార్ రావడం మానేశాక నా ఇంట్లో ఆ వాసన పోయింది. ఒకరోజు పొయ్యి ముందు కూర్చుని గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. హాయిగా అనిపించింది. ఒక మనిషి బతుకుదెరువు పోయింది, ఇద్దరి స్నేహం పోయింది, నాకు హాయిగా అనిపించింది.

నిరుడు మా ఆయన పోయాడు. గఫార్ వచ్చాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. గడప బయటే నిలబడి, పాడె లేస్తుంటే ఎవరినీ అడక్కుండా భుజం పెట్టాడు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. మా ఆయన ఇక వినలేడు కదా, గఫార్ ఒక్కడికి చెప్పి ఏం లాభం అనుకున్నాను. అదీ తప్పించుకోవడమే. వినాల్సింది అతనే కదా.

ఈ కాగితం గఫార్‌కు చేరుతుందో లేదో. అతనికి తెలుగు చదవడం రాదు. నేనే పోయి చెప్పాలి. పోతానని మాటివ్వలేను, నా మాట ఎలాంటిదో ఇప్పుడు నీకు తెలుసు. క్షమించమని అడగను. అడిగితే అతను వెంటనే క్షమిస్తాడు, ఆ భయం కూడా ఉంది.

ఇన్నేళ్లలో మొదటిసారి బయటికి అన్నాను: తడిపింది నేను, సెగకు పట్టింది నేను. చెప్పడానికి ఇంతే ఉంది. ఇంత చిన్న మాటకు ఇన్నేళ్లు పట్టింది. కాసిన్ని నీళ్లు తాగుతాను.